ఎముక తిరిగి పెట్టేదాకా

హ్వామ్మూర్, 1979 మే 20

ఓడ్నీ వదినకు,

ముందు ఒక మాట చెప్పనీ. ఇంకెప్పుడూ మీ తమ్ముడి తల సంగతి ఫోన్‌లో మాట్లాడకు. మా లోయలో ఇళ్లన్నిటికీ కలిపి ఒకటే లైను అన్న సంగతి డెన్మార్క్ వెళ్లాక మర్చిపోయినట్టున్నావు. నువ్వు మొన్న "పుర్రె ముక్క తీసేశారటగా, మెదడు బయటికి కనిపిస్తోందా" అని అరుస్తుంటే, అటూ ఇటూ ఎన్ని ఇళ్లల్లో రిసీవర్లు లేచాయో నాకు వినిపిస్తూనే ఉంది. మర్నాడు సహకార దుకాణంలో ఫ్రిడ్రికా నా చెయ్యి పట్టుకుని, "పాపం ఎగ్గెర్ట్, ఇక పిచ్చివాడేనటగా" అంది. కొన్న పిండి అక్కడే వదిలేసి వచ్చేశాను. టెలిగ్రామ్ కూడా వద్దు, దాన్నీ ఆ లైను మీదే గట్టిగా చదివి వినిపిస్తారు. ఏమున్నా ఉత్తరం రాయి. ఆలస్యమైతే అయింది.

ఇక అసలు సంగతి. గుర్రం మంచు మీద జారిందని నీకు తెలుసు. ఈ ఏడు మే వచ్చినా నేల కరగలేదు. తలకి ఎడమవైపు రాయి తగిలింది. రేక్యావిక్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. లోపల మెదడు వాచిందట. వాచినదానికి చోటు కావాలని, పుర్రెలో అరచెయ్యంత ఎముక తీసి పైన చర్మం కుట్టేశారు. ఆ ఎముకని వాళ్ల ఫ్రీజర్‌లో భద్రంగా దాచారు. ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ పెడతారు. ఆగస్టులో అన్నారు. "తొందరపడితే చీము పట్టొచ్చు, ఆలస్యమైతే ఇంకో రకం తిప్పలు" అన్నాడు. మరి సరైన సమయం ఏదండీ అంటే, "మాలో మాకే కుదరని లెక్క అది" అని కళ్లు నులుముకున్నాడు. పాపం, మనిషి అలిసిపోయి ఉన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు వదినా. మన ఫ్రీజర్‌లో గొర్రె మాంసం, వాళ్ల ఫ్రీజర్‌లో మీ తమ్ముడి తల.

గొర్రెలు ఈనుతున్నాయి. బయట చలికి పిల్లల్ని వదలడానికి లేదు, వంటింట్లో పొయ్యి పక్కనే అరుస్తున్నాయి. పక్క పొలం బాల్డ్విన్ వచ్చి సాయం చేస్తున్నాడు. మీ నాన్న తయారు చేసిన మంద ఇది, ఎగ్గెర్ట్‌కి ఒక్కోదాని తల్లీ అమ్మమ్మా కూడా తెలుసు. వాళ్లు ఎముక దాచారు, నేను మంద దాస్తున్నాను. ఆయన లేచేసరికి రెండూ ఆయనకి అప్పజెప్పాలి. నా ధ్యాసంతా అదే.

నీ మరదలు,
స్వావా

*

హార్సెన్స్, డెన్మార్క్, 1979 జూన్ 4

స్వావా,

సరే తల్లీ, నోరు మూసుకున్నాను. నా గొంతు పెద్దదని మీ ఆయన చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. కొండ మీది గొర్రెల్ని కుక్క లేకుండా నేనే పిలవగలనని వెక్కిరించేవాడు. ఆ ఫ్రిడ్రికాకి మాత్రం నేను వచ్చినప్పుడు బాకీ తీరుస్తాను.

అమ్మ పోయాక వాడిని పెంచింది నేను. అన్నం తినకపోతే చెంప మీద ఒకటి ఇచ్చి తినిపించాను. ఇప్పుడు వాడికి గొట్టంతో పాలు పోస్తున్నారంటే ఇక్కడ నేను కంచం ముందు నుంచి లేచిపోతున్నాను. వద్దామంటే నేను పనిచేసే ఈ వృద్ధాశ్రమంలో మనుషులు చాలరు, వేసవి సెలవులు వరసలో ఉన్నాయి. నా వార్డులో ఒక ముసలాయన రోజూ నన్ను పెళ్లి చేసుకోమంటాడు, రోజూ నా పేరు కొత్తగా అడుగుతాడు. డేనిష్ వాళ్ల కాఫీ అలాగే ఉంది, కప్పు అడుగు కనిపిస్తుంది. అన్నిట్లోనూ పంది మాంసం.

నువ్వు బాగా తిను. రోజంతా గొర్రెల పాకలో ఉండి రొట్టెముక్క నములుతూ బతికేస్తావు, నాకు తెలుసు.

ఓడ్నీ

*

హ్వామ్మూర్, 1979 జులై 8

వదినా, మీ తమ్ముడు మాట్లాడాడు!

రేక్యావిక్‌లోనే కోలుకునేవాళ్లని ఉంచే ఇంటికి మార్చారని రాశాను కదా. అక్కడికి బస్సులో రోజంతా పడుతుంది. నేను వెళ్లేసరికి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూశాడు. "గడ్డి మొలిచిందా?" అన్నాడు. మాట ముద్దగా ఉంది కానీ ప్రతి అక్షరం తెలిసింది. ఏడుపు ఆపుకుని, మొలుస్తోంది అని అబద్ధం చెప్పాను. చలికి ఈ ఏడు గడ్డి చీలమండ దాటలేదు. తరవాత ఏమడిగాడనుకున్నావు? "అక్క ఏదీ?" అన్నాడు. బస్సులో నడుం విరగ్గొట్టుకుని వెళ్లింది నేను, అడిగింది నిన్ను! కోపమొచ్చింది, నిజం. మళ్లీ సంతోషమేసింది.

కుడి చెయ్యి కూడా కదిలిస్తున్నాడు. ఎముక లేని చోట చర్మం మెత్తగా, లోపల గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. మొదట్లో చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు దాని మీద టోపీ సర్దుతున్నాను. అక్కడి నర్సులు ఆ వైపు ఒత్తిగిలకుండా చూస్తారు.

ఆగస్టు చివర ఎముక పెడతారు. సెప్టెంబరులో కొండ మీది మంద దింపేటప్పటికి గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతానని చెప్పాను. నవ్వాడు, సగం మొహంతో.

స్వావా

*

హ్వామ్మూర్, 1979 సెప్టెంబరు 2

వదినా,

వాయిదా వేశారు. కుట్ల పక్కన ఎర్రబడి, జ్వరం పట్టుకుంది. చీము ఉన్నచోట ఎముక పెడితే ఎముకా దక్కదు, మనిషీ దక్కడు అన్నారు. అది మాని, ఒళ్లు శుభ్రపడ్డాక చూస్తారు. నవంబరు కావచ్చు, తరవాత కావచ్చు.

జ్వరం తగ్గింది కానీ మనిషి తగ్గిపోయాడు. ఎలా చెప్పను? తలకి ఆ పక్క గుంట పడింది. జులైలో ఉబ్బుగా ఉండేది, ఇప్పుడు గిన్నెలా లోపలికి దిగిపోయింది. కుర్చీలో కూర్చోబెడితే గడ్డం గుండెల మీదకి వాలుతుంది, పిలిస్తే పలకడు. గడ్డి గురించి అడగడం లేదు. నిన్నూ అడగడం లేదు.

ఈసారి కొన్ని రోజులు అక్కడే ఉండి చూశాను, ఒక సంగతి మాత్రం నాకు వింతగా ఉంది. సాయంత్రం పడుకోబెట్టి కాసేపయ్యాక మళ్లీ కళ్లు తేటపడతాయి. నా చెయ్యి పట్టుకుంటాడు. మొన్న అలా పడుకుని "స్వావా, తడి" అన్నాడు, చూస్తే నా కోటు వానకి తడిసి ఉంది. పొద్దున కుర్చీలో పెట్టేసరికి మళ్లీ మొద్దు. నర్సుతో చెప్తే కూర్చుంటే అలుపు అంది. డాక్టరు వచ్చేది పొద్దున పూట, ఆయన చూసేది కుర్చీలో ఉన్న మొద్దునే. ఆయన్ని ఆపి అడగడానికి నాకు మొహమాటం. వాళ్ల పని వాళ్లకి తెలియదా?

ఇక్కడ గడ్డి సంగతి అడగొద్దు. కొట్టంలో సగం కూడా నిండలేదు. ఈ నెలాఖరుకి మేత తనిఖీకి మనిషి వస్తాడు, ఉన్న గడ్డికి ఎన్ని గొర్రెల్ని చలికాలం దాటిస్తావో చెప్పమంటాడు. బాల్డ్విన్ తన గడ్డిలో కొంత ఇస్తానంటున్నాడు. నేను అన్నిటినీ ఉంచాలనే చూస్తున్నాను. నువ్వేమంటావు? నువ్వు ఇలాంటి రోగుల్ని చూస్తూనే ఉంటావుగా, నీ మాట చెప్పు.

స్వావా

*

హార్సెన్స్, 1979 సెప్టెంబరు 14

స్వావా,

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. కోపం తెచ్చుకోకు.

ఇలాంటివాళ్లని నేను చూశాను. మొదట రెండు మాటలొస్తాయి, ఇంట్లోవాళ్లు పండగ చేసుకుంటారు. తరవాత మెల్లిగా దిగిపోతారు. ఒకసారి దిగడం మొదలైతే నేనైతే ఎవరూ తిరిగి రావడం చూడలేదు. పడుకుంటే మాట్లాడతాడు, కూర్చుంటే మాట్లాడడు అంటున్నావు. ఏ జబ్బయినా అలా ఉంటుందా? నీకు వినాలని ఉంది, వినిపిస్తోంది. నా వార్డుకొచ్చే భార్యలందరూ ఇదే చెప్తారు.

వాడు నా తమ్ముడు. నీకు మొగుడు కాకముందే వాడు నాకు బిడ్డ.

మందని కబేళాకి పంపించేసెయ్. మొత్తం. లేని గడ్డితో, ఒక్కదానివి, చలికాలమంతా ఆ పాకలో చచ్చి ఎవరి కోసం ఆపుతావు? వసంతం దాకా ఆగి, సగం ఆకలికి చస్తుంటే అప్పుడు పంపుతావా? ఎగ్గెర్ట్ తెలివిలో ఉంటే వాడే ముందు ట్రక్కు పిలిచేవాడు. మాడ్చి చంపడం మన ఇంట్లో ఎప్పుడూ లేదు. నాన్న పేరు చెప్పి నన్ను బాధపెట్టకు, నాన్న మంద అంటే నాకు లేదా మమకారం?

పంపేసి, రేక్యావిక్‌లో వాడి దగ్గర గది తీసుకో. ఉన్నన్నాళ్లు వాడి పక్కన కూర్చో.

ఓడ్నీ

*

హ్వామ్మూర్, 1979 సెప్టెంబరు 30

ఓడ్నీ,

నీ ఉత్తరం మంద దింపే రోజు పొద్దున వచ్చింది. చదివి కోటు జేబులో పెట్టుకుని దొడ్ల దగ్గరికి వెళ్లాను. వాన, బురద, అందరూ చెవులకి గుర్తుగా కోసిన గాట్లు చూసి ఎవరి గొర్రెల్ని వాళ్లు లాక్కుంటున్నారు. మన గుర్తు నాకు చూడకుండా తడిమినా తెలుస్తుంది, ఒక్కదాన్నీ వదలకుండా లాగాను. అందరికీ కాఫీ పోశాను. మగాళ్లు పాటలు పాడారు. ఎవరూ ఎగ్గెర్ట్ పేరెత్తలేదు, వాళ్లకి నీలాగే తెలుసనుకుంటా.

నాకు వినాలని ఉంటే వినిపిస్తోందన్నావు. సరే. నేను వెర్రిదాన్ని. కోటు తడిసిందన్నది నేనే కల్పించుకున్నాను, సరేనా? సముద్రం అవతల కూర్చుని నీకు అన్నీ తెలుస్తాయి, చెయ్యి పట్టుకుని కూర్చున్నదాన్ని నాకేం తెలుస్తుంది!

మొన్న మళ్లీ వెళ్లాను. పడుకున్నా కూడా ఇప్పుడు పలకడం లేదు. గుంట ఇంకా దిగింది. నీ మాటే నిజమేమోనని బస్సులో తిరిగొస్తూ మొదటిసారి అనుకున్నాను. అంతకు ముందు ఎప్పుడూ అనుకోలేదు, నమ్ము.

తనిఖీ మనిషి వచ్చాడు, గడ్డి చూసి తల అడ్డంగా ఊపాడు. బాల్డ్విన్ "తొందరపడకు, సగమైనా ఉంచు" అన్నాడు. సగం అంటే ఏ సగం? ఎంచేది ఆయన, నేను కాదు. ప్రతి ఏడూ ఎంచేటప్పుడు ఆయన అన్నం మానేసేవాడు. ట్రక్కులు అక్టోబరు 12న వస్తాయి, మొత్తం మందకీ కలిపి చెప్పేశాను. ఆయనకి తల్లివి నువ్వే అన్నావుగా, తల్లి మాట విన్నాను.

స్వావా

*

హార్సెన్స్, 1979 అక్టోబరు 6
(వేగంగా, విమానంలో)

స్వావా, స్వావా, ట్రక్కులు ఆపు.

నీ ఉత్తరం చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. నీ పాత ఉత్తరం కూడా తీసి చదివాను. పొద్దున మా ఆశ్రమానికొచ్చే డాక్టరుని పట్టుకుని, పడుకుంటే తేటగా, కూర్చుంటే మొద్దుగా ఉండే జబ్బు ఉంటుందా అని అడిగాను. ఆయన చప్పున తలెత్తి, "పుర్రెలో ఎముక తీశారా?" అన్నాడు. నేనింకా ఆ మాట చెప్పనే లేదు!

ఎముక లేని చోట బయటి గాలి చర్మాన్ని లోపలికి నొక్కేస్తుందట. కూర్చుంటే ఇంకా దిగుతుందట, కింద మెదడు నలుగుతుందట. పడుకుంటే కాస్త తేరుకుంటుందట. అందరికీ కాదు, కొందరికి. అలా చాలాకాలం ఉంటే పడుకున్నా తేరుకోరట. కానీ ఎముక తిరిగి పెడితే వాళ్లలో కొంతమంది లేచి మాట్లాడతారట. వాడు చావడం లేదే స్వావా, నలుగుతున్నాడు అంతే. నువ్వు చూసింది నిజం. నేను గాడిదని.

ఆపరేషన్ చేసినాయన దగ్గరికే వెళ్లు, కోలుకునే ఇంటి వాళ్లతో చెప్పి ఊరుకోకు. పడుకోబెట్టి చూడమను. జ్వరం పోయి చాలా రోజులైందిగా, వెంటనే పెట్టమను. మొహమాటపడితే నా మీద ఒట్టు.

మందని ఉంచు. ఎంత గడ్డి ఉంటే అన్ని. ఫోన్ చేద్దామని తపాలాఫీసులో రిసీవర్ ఎత్తాను. ట్రక్కులు ఆపమంటే ఎందుకని అడుగుతావు, తల సంగతి చెప్పాల్సి వస్తుంది. నువ్వు అంత గట్టిగా వద్దన్నావు, మళ్లీ లోయంతా వాడి తల గురించి చెప్పుకుంటే నువ్వు నాతో జన్మలో మాట్లాడవనిపించింది. పెట్టేశాను. ఈ ఉత్తరం మూడు నాలుగు రోజుల్లో చేరుతుందని ఇక్కడివాళ్లు ఖాయంగా చెప్పారు.

ఓడ్నీ

*

హ్వామ్మూర్, 1979 అక్టోబరు 19

వదినా,

ఎనిమిదో తారీఖున మంచు పడి కొండదారి మూసుకుంది. టపా అటువైపే ఆగిపోయింది. ట్రక్కులు తీరం దారిన వచ్చాయి. నీ ఉత్తరం నిన్న చేరింది.

మంద లేదు.

వాటిని ఎక్కించడానికి బాల్డ్విన్‌ని రానివ్వలేదు, నేనే ఎక్కించాను. నేను పిలిస్తే వస్తాయి కదా, వచ్చాయి. అంతకంటే రాయలేను. వంటింట్లో తొట్టెల నిండా కబేళా నుంచి వచ్చిన వాటి రక్తమూ కొవ్వూ ఉన్నాయి, అవి కూరి ఉడికించడానికి బొట్టిని సంచుల్లా కుడుతూ కూర్చున్నాను. పారేయకూడదు కదా.

ఫోన్ చెయ్యలేదని నిన్ను అనను. వద్దన్నది నేనే. రేపు రేక్యావిక్ వెళ్తున్నాను, నీ ఉత్తరం పట్టుకుని.

స్వావా

*

రేక్యావిక్, 1979 నవంబరు 25

వదినా,

పెట్టేశారు. నేను వచ్చాక, ఆపరేషన్ చేసిన డాక్టరు నీ ఉత్తరం నాతోనే చదివించుకున్నాడు, కోలుకునే ఇంటికి వచ్చి మీ తమ్ముడిని తల కిందికి ఉండేలా పడుకోబెట్టి చాలాసేపు చూశాడు. "ఇది నాకు ముందే తెలియాల్సింది" అన్నాడు. ఎవరినీ తిట్టలేదు. మర్నాటికే ఆసుపత్రిలో మంచం ఇప్పించాడు. రక్త పరీక్షలు బాగున్నాయని తేలాక ఎముక పెట్టాడు. దాచిన ఎముక అచ్చంగా అతికింది. గుంట పోయింది. జుట్టు వస్తే ఏమీ తెలియదు.

వారం తిరక్కుండా కుర్చీలో కూర్చుని కాఫీ అడిగాడు. కూర్చుని! నా వైపు చూసి "చిక్కిపోయావేం?" అన్నాడు. నేను బయటికెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను. నర్సు కూడా ఏడ్చింది.

ఇప్పుడు రోజంతా మాటలే. కొన్ని మాటలు తప్పుతాయి, చెంచాని కత్తెర అంటాడు, తనే నవ్వుతాడు. ఇక నిన్న అడిగాడు వదినా. "గొర్రెలు లోపలికొచ్చాయా? గడ్డి ఎవరు వేస్తున్నారు?" అని. బాల్డ్విన్ వేస్తున్నాడని చెప్పాను. ఆపకుండా ఒక్కోదాని పేరు చెప్పి, దానికి పళ్లు బాగాలేవు చూడమను, దీన్ని పొట్టేలు దగ్గరికి పంపొద్దను అంటున్నాడు. ఒక్క పేరు తప్పలేదు. చెంచా పేరు రాదు కానీ అవన్నీ వచ్చాయి. నేను సరే సరే అంటూ కూర్చున్నాను.

ఏం చెయ్యను? చెప్పు.

స్వావా

*

హార్సెన్స్, 1979 డిసెంబరు 6

స్వావా,

చెప్పకు. ఇప్పుడే చెప్పకు. బలం రానీ.

నీ ఉత్తరం చదివి ఆనందంతో గెంతాను, రెండో పేజీకొచ్చి కూలబడ్డాను. వాడికి ఒక ఉత్తరం రాద్దామని పదిసార్లు కూర్చున్నాను. "తమ్ముడూ" అని రాసి ఆగిపోతున్నాను. మందని పంపేయమన్న చేత్తో వాడికి ఏం రాయను? నేనే కదా. నువ్వు ఆపుతుంటే నేనే కదా ట్రక్కు పిలిపించింది. తెలిస్తే వాడు నా మొహం చూడడు.

వాడి దగ్గర నా పేరు ఎత్తొద్దు.

ఓడ్నీ

*

హ్వామ్మూర్, 1980 ఫిబ్రవరి 17

వదినా,

రెండు వారాల కిందట ఇంటికి తీసుకొచ్చాను. దారిలోనే చెప్పేయాలనుకున్నాను. బస్సులో అందరూ పలకరిస్తుంటే ఆయన అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు. ఇంటికొచ్చాక మాంసం పులుసు పోశాను. సగం తిని చెంచా పెట్టేసి, కర్ర తీసుకుని లేచాడు. "నువ్వుండు, నేను చూసొస్తా" అన్నాడు. ఎగ్గెర్ట్, ఆగు, అన్నాను. ఆగలేదు. పాక దాకా తనంత తనే నడిచాడు, డాక్టర్లు చూస్తే చప్పట్లు కొట్టేవాళ్లు.

నేను వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. దీపం వేసి, ఖాళీ దొడ్లన్నీ ఒకటొకటిగా చూశాడు. గడ్డి వేసే తొట్టెలో చెయ్యి పెట్టి చూశాడు. అరవలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎప్పుడు?" అన్నాడు. అక్టోబరులో అన్నాను. "అన్నీనా?" అన్నాడు. అన్నీ అన్నాను. తొట్టెలోంచి చెయ్యి తీసి, "నేను చచ్చిపోయాననుకున్నారు" అన్నాడు. అడగలేదు వదినా, చెప్పాడు.

"గడ్డి లేదు, నేను ఒక్కదాన్ని, పిలిస్తే నువ్వు పలికేవాడివి కాదు" అని ఏదేదో చెప్పాను. "ఎవరు చెప్పారు పంపమని?" అన్నాడు. నేనే అనుకున్నాను అన్నాను. నీ పేరు చెప్పలేదు. అప్పుడు నా మొహంలోకి చూసి, "అక్క ఇక్కడుంటే ఇలా జరగనిచ్చేది కాదు" అన్నాడు.

ఆ తరవాత మాట్లాడటం లేదు. గుంట లేదు, ఎముక బాగా అతుక్కుంది, జిల్లా డాక్టరు వచ్చి అన్నీ చూసి ఒక్క లోపం కూడా లేదన్నాడు. కూర్చున్నా పలకడు, పడుకున్నా పలకడు. బాల్డ్విన్ వచ్చి, వసంతంలో తన గొర్రెపిల్లల్లో కొన్ని ఇస్తాను, మళ్లీ మొదలుపెడదాం అన్నాడు. ఈయన గోడ వైపు తిరిగాడు. పెట్టింది తింటాడు, కడిగితే కడిగించుకుంటాడు. బయటికి మాత్రం రాడు.

నువ్వు రా. టికెట్ దొరికిన రోజే బయలుదేరు. నిజం చెప్పడానికి రమ్మనడం లేదు. చెప్పొద్దు. చెప్తే నీ మనసు తేలికవుతుంది, నాదీ అవుతుంది, దేవుడి మీద ఒట్టు, చెప్పేయాలని నాకు ప్రతి గంటా అనిపిస్తుంది. కానీ ఆయనకి ఈ లోకంలో నమ్మకం మిగిలింది నీ ఒక్కదాని మీదే. దాన్ని కూడా నా చేత్తో ఆ ట్రక్కు ఎక్కించలేను.

వచ్చి పక్కన కూర్చో. మందని పంపేసినందుకు నన్ను తిట్టు, ఆయనకి వినపడేలా తిట్టు. నేనేమీ అనను.

స్వావా